మసి పూసిన కడతాలు

కేశవమూర్తి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

"నిన్నెవరు చేయమనిరమ్మా ఈ పని?"

పెరట్లో తాడు మీద పదకొండు కడతాలు ఆరుతున్నాయి. మసి, చింతగింజల గంజి కలిపి పూసిన మడత గుడ్డలవి. ఊరి కరణాలైన శానుభోగులు భూముల వివరాలు బలపంతో వాటి మీదే రాసి పెట్టుకునేవారు. పాత రాత పోవాలంటే మళ్ళీ మసి పూస్తే చాలు. ఇప్పుడు పదకొండూ కాకి రెక్కల్లా మెరుస్తున్నాయి. వెతికినా ఒక్క అక్షరం లేదు.

కేశవమూర్తి మైసూరులో డాక్టరేటు కోసం చదువుతున్నాడు. గుడిబండె చుట్టుపక్కల ఇనాము భూముల్ని నూరేళ్ళుగా ఎవరు దున్నారు, పంట ఎవరింటికి చేరింది అన్నది అతని పరిశోధన. రెండేళ్ళు లైబ్రరీల్లో దుమ్ము మింగాడు. మిగతాదంతా మా ఇంటి కడతాల్లో ఉంది, తెస్తానని ప్రొఫెసరుకు మాటిచ్చాడు.

తండ్రి వాసుదేవమూర్తి ఊరి శానుభోగు. బతికున్నన్నాళ్ళూ ఆ కడతాలను కన్నకొడుకును కూడా ముట్టనివ్వలేదు. ఆయన పోయి ఏడాదయింది. వాటికోసమే కేశవమూర్తి ఈ ఉదయం బస్సు దిగాడు.

"దసరాకు పూజలో పెట్టేటివి కదప్పా. వెలిసిపోయినాయని పూసినా," అంది తల్లి యశోదమ్మ.

"ఆ కత ఎవరికన్నా చెప్పు. ఎల్లుండి చిక్కబళ్ళాపురంలో విచారణ ఉండాదని నాకు తెలీదనుకుంటివా?"

ఇనాములు రద్దయ్యాయి. ఆ ఇంటికున్న పన్నెండెకరాల ఇనాము భూమిని మూడు తరాలుగా దున్నుతున్నది మునివెంకటప్ప వాళ్ళు. దాన్ని తమ పేరున రాయమని అతను అర్జీ పెట్టుకున్నాడు. రికార్డులో కౌలుదారుగా అతని పేరుంటే భూమి అతనిది. సొంత సేద్యమని ఉంటే శానుభోగు ఇంటిది. ఆ రికార్డంటూ ఉంటే ఈ కడతాల్లోనే ఉండాలి.

"వాళ్ళ పేర్లు తుడిచి పారేస్తివి! పన్నెండెకరాల మీద ఆశతో నాయన రాతకు మసి పూస్తివి! ఒక్క అక్షరం అబద్ధం రాసే మనిషి కాదే ఆయన. తాలూకా అమల్దారు కూడా ఆయన రాత చూసి మారు మాట్లాడేవాడు కాదు. అట్లాంటాయనతో ముప్పై ఏండ్లు కాపురం చేసి నువ్వు నేర్చుకునింది ఇదేనా?"

యశోదమ్మ నోరు తెరిచింది. కొడుకు ముఖంలోకి చూసింది. మళ్ళీ మూసుకుంది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఇంత అన్నం తినప్పా."

"మునివెంకటప్ప నోటికాడ కూడు లాగి నాకు పెడతావా?"

సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గడప దాటి వెనక్కి తిరిగాడు.

"విచారణకు నేనూ వస్తా. నీ మీద సాక్షి చెప్తా. నా పరిశోధన పోతే పోనీ, వాళ్ళ భూమి మాత్రం పోనీయను."

"చెప్పప్పా," అంది ఆమె. "మజ్జిగన్నా తాగి పో."

తాగలేదు.

ఆ రెండు రోజులూ బాగేపల్లిలో స్నేహితుడింట్లో ఉన్నాడు. కోపంతో నిద్ర పట్టలేదు. కూర్చుని నాలుగు పేజీల వాంగ్మూలం రాశాడు. తల్లి పేరు రాసిన ప్రతిచోటా కలం కాగితాన్ని చీల్చినంత పని చేసింది.

విచారణ రోజు బస్సు దారిలో చెడిపోయింది. చిక్కబళ్ళాపురం కచేరీ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మునివెంకటప్ప అప్పుడే మెట్లు దిగుతున్నాడు. వెనక భార్య చౌడమ్మ. ఇద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి.

కేశవమూర్తి గబగబా ఎదురెళ్ళాడు.

"అయిపోయిందా?"

"అయిపాయ సామీ. పన్నెండెకరాలూ మా పేరున రాసిరి. కడతాల్లో ఏమీ లేకపోయేసరికి, దున్నేదెవరని ఊరోళ్ళను అడిగిరి. ఉండేది ఉన్నట్టు చెప్పిరి వాళ్ళు."

కేశవమూర్తికి ఊపిరి వచ్చింది. ఊపిరితోపాటు కోపమూ వచ్చింది.

"ఏదో మీ అదృష్టం. లేకపోతే మా అమ్మ మిమ్మల్ని నిలువునా ముంచేసేదే! మీ పేర్లన్నీ తుడిచేసిందని చెప్పేదానికే నేనింత దూరం వచ్చినా. చూడు, అంతా రాసుకొచ్చినా."

మునివెంకటప్ప ఇబ్బందిగా తల వంచుకున్నాడు. చౌడమ్మ ఊరుకోలేదు. కొంగు నడుముకు దోపుకుని భర్తను పక్కకు తోసింది.

"ఇన్నేండ్లు చదివినావు, ఇది తెలీదా సామీ? ఆ పదకొండు గుడ్డల్లోనూ మీ నాయన రాసుకొని, ఏటేటా మా మొగాన చదివింది 'సొంత సేద్యం' అని ఒకటే కదా, ఇంక మా పేరు యాడుండె మీ అమ్మ తుడిచేదానికి?"