బుడుంగు తాత

"అమ్మా, తమ్ముడు మళ్లీ గేటు పట్టుకుని వేలాడుతున్నాడు!"

అమ్మ వెనక్కి తిరిగింది. భుజాన తువాళ్ల సంచి, చేతిలో చిన్నోడి ఒంటి చెప్పు. రెండోది దారిలో ఎక్కడో రాలిపోయింది. వాడేమో స్విమ్మింగ్ పూల్ గేటుకి బల్లిలా కరుచుకుని ఉన్నాడు.

"దిగరా నాయనా. నీళ్లు నిన్నేం కొరకవు."

"కొరుకుతాయి."

వేసవి సెలవులు మొదలైన దగ్గర్నుంచి రోజూ ఇదే భాగోతం.

పెద్దది ఇట్టే దూకి ఈదేస్తుంది. ఈదుతూ ఈదుతూనే తమ్ముణ్ణి పిరికిపంద అని వెక్కిరిస్తుంది. చిన్నోడికి నాలుగేళ్లు. పోయినేడాది స్నానాల తొట్టిలో జారి నీళ్లు మింగాడు. అప్పటినుంచీ నెత్తిన చెంబెడు నీళ్లు పోస్తే చాలు, ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. వాడి తలస్నానం రోజున ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు. ఈ సెలవుల్లో వాడి భయం వదలకపోతే తనకి పిచ్చెక్కడం ఖాయమని అమ్మకి తెలిసిపోయింది.

పిల్లల పూల్‌లో అప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. బానపొట్ట, నెత్తిన బిగుతుగా ఎర్ర టోపీ. నడుము కూడా తడవని నీళ్లలో గట్టు పట్టుకుని తపతపా కాళ్లు కొట్టాడు. బుడుంగున మునిగి, దగ్గుతూ లేచాడు.

"ఇంత వయసొచ్చి పిల్లల నీళ్లలో ఈ గంతులేంటో! మనకి ఇదొక్కటే తక్కువైంది" అని గొణుక్కుంది అమ్మ.

చిన్నోడు మాత్రం గేటు వదిలేసి గట్టు దాకా వచ్చాడు.

"తాతా, నీకు ఈత రాదా?"

"రాదురా అబ్బాయ్. ముక్కులోకి నీళ్లు పోతున్నాయి. ఏం చెయ్యమంటావు?"

చిన్నోడు కాసేపు ఆలోచించాడు.

"నోరు మూసుకో."

పెద్దాయన నోరు మూసుకుని మునిగాడు. మళ్లీ దగ్గుతూ లేచాడు.

"అలా కాదు తాతా! బుగ్గలు పూరించాలి. అక్క అలాగే చేస్తుంది."

"చూపిస్తేనే కదా తెలిసేది."

చిన్నోడు గట్టున కూర్చునే బుగ్గలు పూరించి చూపించాడు.

ఆ రోజునుంచీ అదే తంతు. వీడు గట్టు మీంచి అరుస్తాడు, ఆయన మునుగుతాడు. ఆయనకి 'బుడుంగు తాత' అని పేరు కూడా పెట్టేశాడు. ఎంత చెప్పినా తాత బుర్రకి ఎక్కకపోవడంతో విసిగిపోయి, చివరికి తనే మెట్టు దిగి చూపించడం మొదలుపెట్టాడు.

అమ్మకి ఇవన్నీ చూసే తీరికెక్కడిది? పెద్దదాని కళ్లద్దాలు పోతాయి. అవి దొరికేలోపు జడ క్లిప్పు పోతుంది. ఆ క్లిప్పు కాజేసిందంటూ అది ఇంకెవరి పిల్లతోనో జుట్టూ జుట్టూ పట్టుకుంటుంది. ఆ పిల్ల తల్లికి సర్దిచెప్పి అమ్మ ఇటు తిరిగింది.

చిన్నోడు గొంతు దాకా నీళ్లలో ఉన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆ పెద్దాయన ఒగరుస్తూ, మునుగుతూ, తేలుతూ ఉన్నాడు.

ఒక్క ఉరుకున వెళ్లి పిల్లాణ్ణి పైకి లాగింది.

"మీకే ఈత రాదు! మీతోపాటు వీణ్ణి కూడా ముంచేద్దామనా?"

ఆమె కేకలకి పూల్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఈ వేసవిలోనే కొత్తగా చేరినవాడు.

"పెద్దవాళ్లు పిల్లల పూల్‌లో దిగకూడదండీ. అసలు మీకు ఈత వచ్చా?"

పెద్దాయన అమ్మ వైపు చూశాడు. ఆమె చంకలోంచి రెప్ప వెయ్యకుండా తననే చూస్తున్న చిన్నోడి వైపు చూశాడు.

"రాదు బాబూ. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను."

"చూశారా?" అంది అమ్మ.

"తప్పేనమ్మా" అన్నాడాయన. టోపీ తీసి, నీళ్లు పిండుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాటినుంచి చిన్నోడు నీళ్లలో కాలు పెడితే ఒట్టు.

"తాత వస్తేనే దిగుతా. తాతకి ఇంకా కాళ్లు కొట్టడం రాలేదు. నేను లేకపోతే మునిగిపోతాడు."

బతిమాలింది. ఐస్‌క్రీమ్ ఆశ పెట్టింది. వీపు మీద ఒకటి వేసింది కూడా. వాడు గట్టు దిగలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఆ రోజు వాడు గొంతు లోతు నీళ్లలో ఉండి కూడా ఏడవలేదని. నవ్వుతున్నాడని. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఏడుపొచ్చినంత పనైంది.

అభిమానం చంపుకుని పెద్ద పూల్ దగ్గర ఈత నేర్పే కోచ్ దగ్గరికి వెళ్లింది.

"ఇక్కడ ఎర్ర టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన వచ్చేవారు. ఆయన్ని కాస్త మళ్లీ రమ్మనండి. మావాడు ఆయన లేకపోతే దిగేలా లేడు."

కోచ్ మొహం వాడిపోయింది.

"ఆయన మీద ఫిర్యాదు చేసింది మీరేనా? నేను సెలవులో ఉన్నాను, నిన్ననే వచ్చాను. ఆయన ఊరొదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఈ వేసవి ఒక్కటీ ఇక్కడే ఉంటానని ఆగారు."

"అయ్యో! ఈత రాని మనిషి పిల్లాడి చెయ్యి పట్టుకుంటే నాకు భయం వెయ్యదా మరి?"

"ఆయనకి ఈత రాదని ఎవరన్నారు?"

"ఆయనే అన్నారు, మావాడి ముందే!"

కోచ్ గట్టున ముడుచుకుని కూర్చున్న చిన్నోడి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నాకూ అలాగే చెప్పారండీ. అప్పుడు నాకు ఐదేళ్లు, నీళ్లంటే చచ్చేంత భయం. ఆ వేసవంతా ఈ పిల్లల పూల్‌లోనే నిలబడి, ఆయనకి నేనే ఈత నేర్పాను."