టోపీ మాస్టర్‌కు కవలలు

“కవలలండీ! ఒక బాబు, ఒక పాప,” అంది నర్సు.

టోపీ మాస్టర్ పగలబడి నవ్వాడు. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

“బాగుందమ్మా! మా డైరెక్టరు పంపాడా నిన్ను? కొత్తగా చేరినట్టున్నావు. నవ్వు ఆపుకోవడం ఇంకాస్త సాధన చెయ్యాలి.”

“డైరెక్టరెవరండీ? నేను డ్యూటీలో ఉన్నాను,” అంటూ ఆమె విసవిసా వెళ్ళిపోయింది.

అతని అసలు పేరు చుట్టాలకే సరిగా గుర్తుండదు. మారువేషంలో వెళ్ళి దారినపోయేవాళ్ళను బురిడీ కొట్టించడం, వాళ్ళు లబోదిబోమంటుంటే వాళ్ళ నెత్తిన ఎర్రటోపీ పెట్టి దాచిన కెమెరా చూపించడం టీవీలో అతని ఉద్యోగం. అత్తగారిని కూడా వదల్లేదు. గడ్డం తగిలించుకుని తనిఖీ అధికారిగా వెళ్ళి, పిల్లిని పెంచడానికి లైసెన్సు ఏదని గద్దించాడు. ఆవిడ వణికిపోతూ పిల్లిని బీరువాలో దాచడం జనమంతా చూసి పడీపడీ నవ్వారు. ఆనాటి నుంచి ఆవిడ అల్లుడితో అవసరమైతే తప్ప నోరు విప్పదు.

భార్యకు ఈ వేషాలు అలవాటే. పెళ్ళయిన కొత్తలో తనూ నవ్వేది. తర్వాత తర్వాత విసుక్కునేది. ఈమధ్య అదీ మానేసింది.

నిన్న మాత్రం అతని వల్ల పెద్ద పొరపాటే జరిగింది. ఇంకా టైముందిలే అని షూటింగుకు వేరే ఊరు వెళ్ళాడు. నొప్పులు వస్తున్నాయని ఆమె ఫోను చేస్తే, “నటనలో నాకే పాఠాలా?” అని నవ్వి పెట్టేశాడు. అత్తగారు స్వయంగా ఫోను చేసి నాలుగు చివాట్లు పెడితే గానీ నమ్మలేదు. పడుతూ లేస్తూ వచ్చేసరికి కాన్పు అయిపోయింది.

గదిలో భార్య మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. పక్కన ఉయ్యాలలో రెండు మూటలు. ఒకటి తెల్ల తువ్వాలులో, ఒకటి పసుపుపచ్చ తువ్వాలులో.

“ఇందులో బొమ్మ ఏది?” అంటూ అతను పసుపు మూట మీదికి వంగాడు.

మూట తుమ్మింది. అతను ఎగిరి గంతేశాడు.

అయినా ఇన్నేళ్ళ అనుభవం ఊరుకోనిస్తుందా? కర్టెన్లు దులిపాడు. కుర్చీ ఎక్కి గోడగడియారం వెనక చూశాడు. పూలకుండీలో చెయ్యి పెట్టి కెలికాడు. చివరికి మంచం కింద దూరాడు.

“ఏం వెతుకుతున్నారు అల్లుడుగారూ?” అంది అత్తగారు.

“కెమెరా అండీ.”

“బాలింత గదిలో కెమెరా పెట్టినవాడి కాళ్ళు విరగ్గొడతాను.”

ఆ మాట ఆవిడ నిజంగానే అంది. అందులో సందేహం లేదు.

ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి. ముఖంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు. అతను మంచం కిందనుంచే అడిగాడు.

“డాక్టరుగారూ, స్కానింగులో ఒక్కరే అన్నారు కదండీ?”

“ఒకరి వెనక ఒకరు నక్కారు. మీ పిల్లలు కదా, పుట్టకముందే దాగుడుమూతలు మొదలెట్టారు. ముందు మీరు బయటికి రండి, నేల తుడవలేదు.”

అతను మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో అతనికే తెలియలేదు. అత్తగారు ఇద్దరినీ తెచ్చి అతని రెండు చేతుల్లో పెట్టింది. బాబు తండ్రి వచ్చాడన్న పట్టింపే లేకుండా నిద్రపోతున్నాడు. పాప మాత్రం కళ్ళు విప్పి, అతని వేలు గట్టిగా పట్టుకుంది.

“దీని ముక్కు చూశావా? అచ్చు నాదే! ఆ గడుసు చూపు కూడా నాదే,” అన్నాడు. “వీడు నీ పోలికే, పాపం, నెమ్మదస్తుడు.”

భార్య దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

ఈ సంతోషం ఒక్కడే మోయలేకపోయాడు. పాపను మోచేతి వంపులో ఒడిసిపట్టి, బాబును ఆమె పక్కన పడుకోబెట్టి, డైరెక్టరుకు ఫోను చేశాడు.

“సార్, నాకు కవలలు!”

అవతలినుంచి పెద్ద నవ్వు. “ఇంకెవరికైనా చెప్పవోయ్!”

“నిజం సార్! నా మాట నమ్మండి సార్!”

ఫోను పెట్టేసిన చప్పుడు. అతను కాసేపు ఆ ఫోను వంకే చూస్తూ నిలబడ్డాడు.

“నిన్న నాకూ ఇలాగే ఉంది,” అంది భార్య మెల్లగా.

అతని ముఖం మాడిపోయింది. వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. “నువ్వు భయపడి ఫోను చేస్తే నేను నవ్వాను. నాలాంటి మూర్ఖుడు ఉండడు. ఇక ఇంట్లోవాళ్ళ దగ్గర వేషాలు వెయ్యను. పిలిస్తే వస్తాను. చెబితే నమ్ముతాను.”

“ఏం చెప్పినా నమ్ముతారా?”

“ఒట్టు. ఈ పిల్లలిద్దరి మీదా ఒట్టు.”

అత్తగారు చటుక్కున గోడవైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి. ఆవిడ మనసు కూడా కరిగిందనుకుని అతను కళ్ళు తుడుచుకున్నాడు. పాపను గుండెలకు హత్తుకుని ముక్కుతో ముక్కు రాశాడు.

భార్య అతని చెయ్యి నిమిరి, చాలాకాలం తర్వాత హాయిగా నవ్వింది.

“సరే, ఇక ఆ పాపను పక్కగదిలో వాళ్ళమ్మకు ఇచ్చి రండి.”