కిటికీ గుర్తు డబ్బా

“చచ్చినోడు మళ్లీ పెండ్లికొడుకాయెనేందప్పా! ఆపండి సినిమా!”

అప్పుడే వచ్చి బెంచీ క్లాసులో కూర్చున్న మనిషి వేసిన ఈ కేకకు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే అయివారు కోదండపాణికి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి! ప్రొద్దుటూరంటే బంగారం అంగళ్లు, పత్తి బేళ్లేనా అని రెండేళ్లు పోరి, టాకీసు ఓనరు వరదరాజులు కాళ్లావేళ్లా పడి, ఏడు దేశాల సినిమాలు ఏడు రోజులు ఆడించడానికి ఒప్పించాడు. ఆంధ్రప్రదేశ్ పుట్టిన ఈ రెండేళ్లలో జిల్లాలో ఎవరూ తలపెట్టని పని. పులివెందుల నుంచి డాక్టరు, జమ్మలమడుగు నుంచి ప్లీడరు గురురాజారావు పనిగట్టుకుని వచ్చారు.

“జనం నవ్విపోయినారంటే రేపట్నుంచి నా కత్తియుద్ధాల సినిమా నేనేసుకుంటా” అని వరదరాజులు ముందే తెగేసి చెప్పాడు.

మొదటి రోజు జపాను సినిమా. మాటలు ఎవరికీ తెలియవు. అయినా కథానాయకుడు చచ్చిపోతే హాలంతా కళ్లు తుడుచుకుంది. ఆఖరి ఫిల్ము చుట్ట మొదలయ్యేసరికి వాడే నిక్షేపంగా పెండ్లి చేసుకుంటున్నాడు.

గురురాజారావు వెనక్కి తిరిగాడు. “ఇదేందప్పా కోదండపాణీ?”

కోదండపాణికీ ఏమీ అర్థం కాలేదు. అయినా లేచి నిలబడ్డాడు. తెలియదని చెప్పడం అయివార్లకు చేతకాని విద్య.

“అది ఆత్మ కనే కల. కథను ముందువెనకలు చేసి చెప్పడం పెద్ద దర్శకుల పద్ధతి. పామరులకు ఎక్కదు.”

“ఆహా!” అన్నాడు ప్లీడరు. ప్లీడరే అన్నాక హాలంతా ఆహా అంది.

బెంచీలో కేక వేసిన మాసిన లుంగీ మనిషి మాత్రం లేచి దగ్గరికే వచ్చాడు.

“సామీ, అది కల గాదు. ఈ పెండ్లి ఎప్పుడో అయిపోవల్ల. నా మాట...”

“ఈ సినిమా నువ్వు తీసినావా?”

“తీయలేదు సామీ. నేను...”

“చదువుకున్నావా?”

“లేదు.”

“అయితే బయటికి నడువు. ఈ వారమంతా ఈ హాలు గడప తొక్కినావంటే మర్యాద దక్కదు!”

చుట్టూ అందరూ నవ్వారు. ఆ మనిషి తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆట ముగిశాక ప్లీడరు కోదండపాణి మెడలో దండ వేశాడు. ఏమీ అర్థం కాకపోయినా వరదరాజులు కూడా చప్పట్లు కొట్టాడు.

మరునాడు పొద్దున ఆపరేటరు యూనుస్ నసుగుతూ వచ్చాడు.

“అయివారూ, నిన్న తప్పు జరిగిపాయ, రాత్రి చుట్టలు తిప్పి చూస్తే తెలిసె. డబ్బాల మీద జపానోళ్ల అంకెలుండె. ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు... ఆడిదాకా తెలిసె. మిగతావి పేర్చిన వరసలోనే వేస్తి; కిటికీ మాదిరున్న నాలుగోది విడిగా ఉంటే, అదే ఆఖరిదనుకుంటి.”

“ఆట అయినంక అన్నా చెప్పకూడదా?”

“మీరు అంత బాగా అర్థం చెప్పినాక, నేనేసిందే కరెక్టనుకుంటి.”

కోదండపాణికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“పాపం, ఆ మనిషి ఉన్నమాటే చెప్పినాడు గదప్పా! యాడున్నా పిల్చుకోని రా. నలుగురిలో తిట్టినాను, నలుగురిలోనే క్షమాపణ అడుగుతా.”

“యాడుంటాడు? మీరు రావద్దంటిరని పొద్దున్నే కడప బస్సెక్కిపాయ.”

కోదండపాణి నిట్టూర్చాడు. “సరే, ఈ పొద్దు సినిమా అన్నా సక్రమంగా వెయ్యి.”

“ఎట్ల వేసేది అయివారూ? మిగతా ఆరు సినిమాల డబ్బాలకు చీటీలే లేవు. మొత్తం అరవై డబ్బాలు!”

కోదండపాణి కుర్చీలో కూలబడ్డాడు. వరదరాజులు కత్తియుద్ధాలు కళ్లముందు కదిలాయి.

అంతలో పోస్టుమ్యాన్ ఆ డబ్బాలు పంపిన మద్రాసు సినిమా సంఘం వారి కార్డు తెచ్చిచ్చాడు. కోదండపాణి పైకే చదివాడు.

“డబ్బాలకు చీటీలు లేవని కంగారుపడకండి, ఏ చుట్ట తర్వాత ఏ చుట్టో మా అందరిలోకీ తెలిసిన ఒకే ఒక్క మనిషి, చదువు రాని మీ కడప దగ్గరి ఖాజీపేట జిలానీ, డబ్బాల వెనకే మీ దగ్గరికి బయలుదేరాడు.”