పిడి కింద వేలి నొక్కు

"వదినా, ఈ బల్ల కిటికీ పక్కన వెయ్యనా?" అన్నాడు ఆమె చెల్లెలి భర్త.

మట్టిపాత్రల ప్రదర్శన రేపే. ఏది ఎవరిదో తెలియకూడదని పేర్ల చీటీలు తీయించి, పాత్రలను ఎంపిక చేసింది ఆమే. కానీ ఒక కూజా పిడి కింద బొటనవేలి నొక్కు చూడగానే అది మరిదిదని పోల్చుకుంది. అన్నిట్లోకీ అదే బాగుంది. అయినవాళ్లకు పెట్టుకుందంటారని పక్కకు తోసేసింది.

"కూజా తిప్పి పంపానని కోపమా?" అని అడిగింది, బల్ల తుడుస్తూ.

"నాకెందుకూ? ఈసారి నేనేమీ పంపలేదుగా. జనాన్ని బతకనిద్దామని మానేశా."

"మరి ఆ వేలి నొక్కు?"

"మీ చెల్లిది. పిడి అతకడం నా దగ్గరేగా నేర్చుకుంది, నా అలవాటే వచ్చింది. తన మొదటి కూజా. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టింది. అక్క పాలకు పాలు, నీళ్లకు నీళ్లు తేల్చేస్తుంది, బాగుంటేనే తీసుకుంటుంది అంది."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. "కూజా తిరిగొచ్చాక ఏమంది?"

"ఏమంటుంది? అక్కే కాదన్నాక ఇంకేముందని చక్రం మీద గోనె కప్పేసింది."

పదిమంది నోటికి జడిసి చేసిన పనికి ధర్మమని పేరు పెట్టుకున్నానా అనుకుంది. గుడ్డ పక్కన పెట్టి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి వదినా?"

"దాని దగ్గరికే. కూజా బాగుందని చెప్పాలి."

"సంతోషిస్తుంది."

"బాగుందని తెలిసే తోసేశానని కూడా చెప్పాలి" అంది.