నదికి ఇవతల సగం ఖర్చు

కారు నైసె నది వంతెన దాటి పోలండ్‌లోకి వచ్చిందో లేదో, హోల్గర్ మళ్లీ మొదలుపెట్టాడు.

"చూడమ్మా, మన జర్మనీలో కేర్ హోమ్ అంటే నీ పింఛను ఏ మూలకీ రాదు. ఇల్లు అమ్మాలి. అదే డెన్మార్క్ అయితే చాలావరకు పన్నుల్లోంచే చూసుకుంటారు. ఆస్ట్రియా వాడు ఇంటి జోలికి రాడు. మనవాడు మాత్రం నువ్వు దాచుకున్నదంతా ఊడ్చుకున్నాకే ముందుకొస్తాడు. ఇక్కడైతే సగం ఖర్చు."

గెర్లిండె రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు.

"తెలుసు నాన్నా," అంది.

హోల్గర్ ఆరోగ్య బీమా ఆఫీసులో పాతికేళ్లు పనిచేసినవాడు. ఏ దేశంలో మోకాలి చిప్ప మార్పించుకుంటే ఎంతవుతుంది, అందులో ఎవడు ఎంత భరిస్తాడు, అన్నీ నోటికి వచ్చు. పెళ్లి విందులో అతని పక్కన కూర్చున్న పాపానికి చుట్టాలు నెదర్లాండ్స్ బీమా పద్ధతి మొత్తం వినాల్సి వచ్చేది. రెండేళ్ల కింద ఉద్యోగం మానేసి తల్లి ఇంటికి వచ్చేశాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరే.

తల్లికి ఎనభై దాటాయి. ఇంట్లో ఇక సాగదు. సాయంత్రానికి ఒకరు ఇక్కడ ఉండిపోవాలి, ఒకరు వెనక్కి వెళ్లాలి.

కేర్ హోమ్ ఊరి చివర ఉంది. పసుపు గోడలు. లోపలికి అడుగుపెట్టగానే ఫినాయిల్ వాసన, దాని వెనకే బీట్‌రూట్ సూపు వాసన. మేనేజరు డానుటా మంచి జర్మన్‌లో పలకరించింది. గెర్లిండె చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలి, హోల్గర్ వైపు తిరిగింది.

"ఏం అడగాలన్నా అడగండి సార్."

"రాత్రిపూట ఎవరుంటారు?"

"ఇద్దరు నర్సులు. వీధి తలుపుకి తాళం."

"అదీ, అలా ఉండాలి. మా అమ్మతో అదే బాధ. పోయిన చలికాలంలో చెప్పులైనా లేకుండా, రాత్రి బట్టలతో బజారుదాకా వెళ్లిపోయింది. పోలీసులు తెచ్చి దింపారు."

డానుటా గెర్లిండె వంక చూసింది. గెర్లిండె నేల వంక చూసింది.

"అవును," అంది. "ఆ రోజు బాగా మంచు."

"పొయ్యి సంగతి కూడా చెప్పమ్మా. సిగ్గుపడితే ఎలా?"

"పొయ్యి ఆర్పకుండా వదిలేయడం. కిటికీ తెర అంటుకుంది."

"విన్నారా? ఇంక కంటిమీద కునుకుంటుందా?"

"ఎలా ఉంటుంది సార్," అంది డానుటా.

డానుటా ఇద్దర్నీ మేడమీది గదికి తీసుకెళ్లింది. హోల్గర్ పరుపు నొక్కి చూశాడు. కుళాయి తిప్పి వేడినీళ్లు వచ్చేదాకా వేలు పెట్టుకుని నిలబడ్డాడు. కిటికీ తెరిచాడు.

"యాపిల్ తోట అమ్మా. నాకే ఉండిపోవాలనిపిస్తోంది."

గెర్లిండెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇక ఆపుకోలేకపోయింది. కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుంది.

"హోల్గర్, ఇంటికి వెళ్లిపోదాం. ఇద్దరం. ఈ ఒక్క చలికాలం ఎలాగో గడిపేద్దాం. ఎలాగో ఒకలా చూసుకుందాం."

"మళ్లీ అదే మాట. ఎలా చూసుకుంటాం? బీమావాడు ఇచ్చే డబ్బుతో మనింట్లో ఒక పూటకి మనిషిని కూడా పెట్టుకోలేం. అదే డబ్బు ఇక్కడికి తెచ్చుకుంటే బండి నడుస్తుంది. స్వీడన్‌లో పుట్టి ఉంటే ఇంటికే మనిషిని పంపేవాళ్లు. పుట్టలేదు. ఏం చేస్తాం చెప్పు?"

మాట కటువుగా అన్నాడే గాని తల్లి కళ్లు తనే తుడిచాడు. మంచివాడే. ఆ మంచితనమే ఆమెని ఇంకా కోసేస్తోంది.

"ఆదివారాలు వస్తాను కదమ్మా. వంతెన దాటితే గంట."

గెర్లిండె అతని చొక్కా చెయ్యి వదిలింది.

"అన్నట్టు రాత్రిపూట ఎవరుంటారు?" అని హోల్గర్ డానుటాని అడిగాడు. ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం బీమా ఆఫీసువాళ్లకి మామూలే.

"ఇద్దరు నర్సులు సార్. వీధి తలుపుకి తాళం," అంది డానుటా విసుక్కోకుండా.

కింద హాల్లో కాఫీ, గసగసాల కేకు పెట్టారు. హోల్గర్ పక్కన డ్రెస్డెన్ నుంచి వచ్చిన ముసలాయన ఒకడు దొరికాడు. పాపం, ఆయనకి తప్పించుకునే దారి లేదు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రికి డబ్బు కట్టక్కర్లేదు గానీ పేరు పిలిచేదాకా బతికుండాలి అని హోల్గర్ చెబుతున్నాడు. ముసలాయన నవ్వాడు. హోల్గర్‌కి హుషారు వచ్చింది.

డానుటా వెనక నుంచి వచ్చి గెర్లిండె మోచెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే మంచిది. రండి."

"ఒక్కసారి ముద్దు పెట్టి వస్తాను."

"వద్దు. చెప్పుకుంటూ కూర్చుంటే ఇద్దరూ తట్టుకోలేరు. నేను రోజూ చూసేదే."

గెర్లిండె లేచింది. కేకు సగం ప్లేటులోనే ఉంది. వరండా మలుపులో ఆగి వెనక్కి చూసింది, కొడుకు ఒక్కసారి తలెత్తితే చాలనుకుంది. హోల్గర్ తలెత్తలేదు. అప్పటికి స్విట్జర్లాండ్ దాకా వచ్చాడు.

బయట కారు తలుపు తెరిచి పట్టుకుని డానుటా, "జాగ్రత్తగా నడుపుకుంటూ వెళ్లండమ్మా, తెల్లారేసరికి ఎవర్ని దింపడానికి వచ్చాడో కూడా మీ అబ్బాయికి గుర్తుండదు," అంది.