ఉన్నది ఒక్కటే ఖాళీ

ఫైలు చేతిలోంచి జారింది. నూట ఇరవై ప్రశ్నలు, నూట ఇరవై జవాబులు రిసెప్షన్ హాలు నేలంతా పరుచుకున్నాయి.

చిలక గబుక్కున కుర్చీలోంచి లేచింది. కాగితాలకు పేజీ నంబర్లు వేయలేదు మరి!

ఇంట్లో అందరూ ఆమెను చిలక అనే పిలుస్తారు. ఏదైనా రెండుసార్లు చదివితే చాలు, పొల్లు పోకుండా అప్పజెబుతుంది. ఆ విద్యతో పరీక్షలన్నీ గట్టెక్కింది గానీ, ఉద్యోగాల ఇంటర్వ్యూలు మాత్రం వరసగా ఆరు తన్నేశాయి. ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీది ఏడోది.

"ఇదీ పోతే వచ్చే వారం నుంచి బాబాయి జిరాక్స్ షాపులో కూర్చుందువు గానిలే" అన్నాడు పొద్దున నాన్న. కసిరి చెప్పినా బాగుండేది. మెల్లగా చెప్పాడు.

పక్క కుర్చీలో కూర్చున్నాయన వంగి కాగితాలన్నీ ఏరి ఇచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, నిద్ర చాలని కళ్ళు.

"ఇవన్నీ బట్టీ పట్టావామ్మా?"

"ఊఁ."

"వీళ్ళు ఇవి అడగరు."

"మీకెలా తెలుసు?"

"ఇక్కడికి చాలాసార్లు వచ్చాన్లే."

చాలాసార్లు వచ్చాడట! అంటే అన్నిసార్లూ వెనక్కి పంపేశారన్నమాట. చిలకకు జాలేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. ఉన్నది ఒక్కటే ఖాళీ. హాల్లో ఎనిమిది మంది. ఇంత అనుభవం ఉన్నవాళ్ళు కూడా పోటీకొస్తే తనలాంటి వాళ్ళ గతేం కాను?

"ఒక్కటి అడుగుతా, చెప్పు" అన్నాడాయన. "ఒక ఆసుపత్రికి మనం అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేసిచ్చాం. పొద్దున తొమ్మిదింటికి అది కాస్తా ఆగిపోయింది. కౌంటర్ ముందు బారెడు క్యూ. ముందు ఏం చేస్తావ్?"

"ఎక్కడ ఆగిందో సిస్టమ్ రాసిపెట్టుకునే లాగ్స్ చూస్తాను. సర్వర్ రీస్టార్ట్ చేస్తాను." ఫైల్లో నలభై మూడో ప్రశ్నకు జవాబు అది. అక్షరం తేడా లేదు.

"ఊహూఁ. ముందు కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఫోన్ చెయ్యి. కాగితం మీద నంబర్లు రాసి అందరికీ ఇచ్చెయ్యమను. ఆ తర్వాత నీ సర్వర్ సంగతి చూసుకో. జ్వరంతో నిలబడ్డవాడికి మన లాగ్స్‌తో పనేంటమ్మా?"

చిలక ఆయన్ని ఎగాదిగా చూసింది. కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చి కాగితం ముక్కల గురించి చెప్పాలా? ఇదేదో కావాలని తప్పుదోవ పట్టించే వ్యవహారంలా ఉంది.

"అంకుల్, మీరూ ఈ పోస్టుకే వచ్చారు కదా. నన్నెందుకు కంగారు పెడతారు? చదువుకోనివ్వండి, ప్లీజ్."

ఆయన ముఖం చిన్నబోయింది. అయినా నవ్వాడు.

"నాకు రాదులే తల్లీ. భయపడకు."

చిలక లేచి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. రెండు చెవులూ మూసుకుని చదవబోయింది. పేజీలు తారుమారయ్యాయి. అరవయ్యో ప్రశ్నకు పన్నెండో జవాబు వచ్చి అతుక్కుంది.

ఇంతలో లోపలికి పిలిచారు.

లోపల ముగ్గురున్నారు. మొదటి రెండు ప్రశ్నలకూ ఎలాగో నెట్టుకొచ్చింది. మధ్యలో కూర్చున్న మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది.

"ఒక ఆసుపత్రి ఉందనుకోండి. పొద్దున తొమ్మిదింటికి మన సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ముందు ఏం చేస్తారు?"

చిలకకు నలభై మూడో జవాబు నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఆ జవాబే ఇంతకు ముందు రెండు కంపెనీల్లో చెప్పింది. రెండు చోట్లా ఉద్యోగం రాలేదు.

"ముందు... కౌంటర్లో అమ్మాయికి ఫోన్ చేస్తాను మేడమ్."

ఒకసారి విన్నదే అయినా మొత్తం అప్పజెప్పేసింది. జ్వరంతో నిలబడ్డవాడితో సహా.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇది మీకెవరు చెప్పారు?" అడిగాడు చివర కూర్చున్న బట్టతలాయన.

ఉన్నమాట చెప్పేస్తే సరిపోయేది. కానీ జిరాక్స్ షాపు కళ్ళముందు మెదిలింది.

"ఎవరూ చెప్పలేదు సార్. నాకే తోచింది."

బట్టతలాయన ఏదో అనబోయి, తల దించుకుని రాసుకున్నాడు.

గంట తర్వాత రిసెప్షన్ ఆవిడ ఆమెను పిలిచి చేయి కలిపింది.

"ఉద్యోగం మీదే. సోమవారం నుంచి వచ్చేయండి."

చిలక అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. అటువైపు నుంచి నాన్న "తిన్నావా?" అని మాత్రం అడిగాడు.

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. తోటి అభ్యర్థి నోటి ముందరి జవాబు లాక్కుని, అది తనదేనని చెప్పుకుంది. పైగా ఆయన్నే దొంగను చూసినట్టు చూసింది. ఎంత పని చేసింది!

హాలంతా వెతికింది. ఆయన లేడు.

"అక్కా, ఇందాక నా పక్కన ఒక అంకుల్ కూర్చున్నారే, ఆయన ఇంటర్వ్యూ ఎలా జరిగింది? ఆయనకి సారీ చెప్పాలి. ఇంకో పోస్టు ఉంటే ఆయనకిమ్మని చెప్పండక్కా. నాకంటే ఆయనకే బాగా తెలుసు."

రిసెప్షన్ ఆవిడ టైపు చేయడం ఆపేసింది.

"ఆయనకి ఇంటర్వ్యూ ఏంటండీ? కంపెనీ లాప్‌టాప్ అప్పగించి, ఆఖరి సంతకం పెట్టి పోదామని వచ్చారు" అంది గొంతు తగ్గించి. "పదకొండేళ్ళుగా మేం సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన ఆసుపత్రి పనంతా చూసింది ఆయనే. తక్కువ జీతానికి వచ్చే కొత్తవాళ్ళతో సరిపెట్టుకుందామని పోయిన వారమే తీసేశారు. సోమవారం నుంచి మీరు కూర్చోబోయేది ఆయన సీట్లోనే."