పదమూడో మేకు

పూసల దండలు మళ్లీ చిక్కుపడ్డాయి.

దర్జీ అక్క డబ్బాలోంచి ఒకటి లాగితే పది కలిసి పైకొచ్చాయి. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మ కాసేపు చూసి, "నువ్వు వాటిని విడదీసేలోపు నా పెళ్లిరోజు దాటిపోతుంది" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఈ నెలలో అలా వెళ్లిపోయినవాళ్లలో ఆవిడ నాలుగో మనిషి. కుట్టుపనితో ఇల్లు గడుస్తుంది. కూతురి కాలేజీ చదువుకు మాత్రం ఈ దండలే ఆధారం.

దండలు తగిలించే స్టాండు ధర అడిగి, బజార్లోనే నోరెళ్లబెట్టింది అక్క. పిండి కొద్దీ రొట్టె అనుకుని, విరిగిన మంచం తలాపు చెక్కకు మిగిలిపోయిన ముఖమల్ గుడ్డ చుట్టింది.

ఇక కావలసింది మేకులు. వాటికి కొదవేముంది? మేకుల తాత ఉన్నాడుగా!

తాత రోజూ పొద్దున్నే నడుం వంచి, నేలచూపులు చూస్తూ అక్క దుకాణం ముందున్న మలుపు రోడ్డంతా గాలించేవాడు. మేకు కనిపిస్తే తీసి రేకుడబ్బాలో వేసుకునేవాడు. ఎండనీ వాననీ లేదు. "ఇనుము అమ్మి మేడ కడతాడు" అని వీధంతా వేళాకోళం. ఆ మాట మొదట అన్నది దర్జీ అక్కే.

"తాతా, ఓ డజను మేకులిస్తావా? ఊరికే కాదులే, టీ ఇప్పిస్తా."

తాత చెక్కకేసి చూశాడు. "దండలకా? నేనే కొట్టిపెడతానమ్మా."

మెట్టు మీద కూర్చుని, వంకరపోయిన మేకుల్ని ఒక్కొక్కటీ రాతి మీద సాపు చేశాడు. నాలుగేసి వేళ్ల ఎడంతో కొట్టాడు.

"తిన్నగా కొడితే దండ జారిపోతుంది. తల కాస్త పైకుండాలి."

దారం కోసుకుపోకుండా ప్రతి మేకు తలకీ గుడ్డపీలిక చుట్టాడు.

"ఆడపిల్లను పెంచినవాడిలా చేస్తున్నావే!" అంది అక్క.

తాత ఇంకో పీలిక చింపాడు.

లెక్కపెడితే పదమూడు మేకులున్నాయి.

"డజనే కదా అడిగాను?"

"ఈ చివరిది నాకుంచమ్మా."

జేబులోంచి నీలం పూసల దండ తీశాడు. చిన్నపిల్ల మెడకు సరిపోయేది. మధ్యలో ఒకచోట పూస లేక ఉత్త దారమే కనిపిస్తోంది.

"అమ్మకానికి కాదు. ఊరికే, నలుగురి దండల మధ్య ఉంటుందని..."

"బాగుంది తాతా! దీన్ని చూస్తే నా సరుకంతా పాతదే అనుకోరూ?"

"నిజమేనమ్మా" అని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు.

"ఊడ్చేటప్పుడు ఇలాంటి పూస ఎప్పుడైనా దొరికిందా?"

"రోజూ దొరుకుతాయి. దొరికినవన్నీ ఆ డబ్బాలో పడేస్తా. నీలంవే వెయ్యి ఉంటాయి, ఒకటి తీసుకుని గుచ్చుకో."

తాత ఆ డబ్బా వైపు చాలాసేపు చూశాడు.

"ఏదో ఒకటి గుచ్చి ఏం లాభంలేమ్మా" అన్నాడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

స్టాండు పుణ్యమా అని దండలు చకచకా అమ్ముడుపోయాయి. టీచరమ్మ రెండు పట్టుకెళ్లింది. పదమూడో మేకుకు అక్క తన కత్తెర తగిలించుకుంది. ఆ సందడిలో తాత రావడం లేదన్న సంగతే ఆమెకు తట్టలేదు.

ఎదురుగా పంక్చర్లు వేసే అన్నయ్య ఒకరోజు తలెత్తకుండా పనిచేస్తున్నాడు.

"ఏం అన్నయ్యా, ఈమధ్య తీరిక లేనట్టుంది?"

"వారంలో పదకొండు బళ్లమ్మా. అన్నీ ఈ మలుపులోనే, అన్నీ మేకులే." బేరం పెరిగిన సంతోషం అతని ముఖంలో లేదు. "తాత ఉన్నన్నాళ్లూ ఒక్కటీ రాలేదు."

"ఉన్నన్నాళ్లూ అంటే?"

"పోయిన వారం జ్వరంతో పోయాడు. ఇది నీకిమ్మన్నాడు. తగిలించే మేకు నీ దగ్గరే ఉందన్నాడు."

రేకుడబ్బా. తెరిస్తే లోపల మేకులు లేవు. నీలం దండ ఉంది.

అక్క దండను అరచేతిలోకి తీసుకుంది. "ఎవరిదన్నయ్యా ఇది?"

అతను చేతిలో ట్యూబు పక్కన పెట్టాడు.

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇక దాచి ఏం చేస్తాను? పద్దెనిమిదేళ్ల కిందట కూతుర్ని స్కూటరు మీద బడికి తీసుకెళ్తున్నాడు. లేక లేక పుట్టిన పిల్ల. ఇదిగో, ఈ మలుపులోనే టైర్లో మేకు దిగింది. వెనక కూర్చున్న పిల్ల ఎగిరిపడింది. నేనే ఎత్తుకుని పరిగెత్తాను. దక్కలేదు."

"అయ్యో..."

"మెడలో దండ తెగి పూసలు రోడ్డంతా దొర్లాయి. ఆయన చేత్తో గుచ్చిన దండ. ఇరవై ఒక్క పూసలు. ఇరవై దొరికాయి."

"మరి ఆ మేకులు?"

"ఆ ఒక్క పూస కోసమేనమ్మా రోజూ వచ్చేవాడు. కంటబడిన మేకుని మాత్రం వదల్లేకపోయేవాడు."

అక్క దుకాణంలోకి వచ్చి కత్తెర తీసేసింది. పదమూడో మేకుకు ఆ దండ తగిలించింది. తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత పూసల డబ్బాను చాప మీద బోర్లించి, నీలంవి ఏరుతూ కూర్చుంది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇప్పటికే అమ్మేసిన దండల్లో ఎన్ని పోయాయో లెక్కే లేదు.

ఈ డబ్బాలో మొట్టమొదట పడింది, దుకాణం పెట్టిన కొత్తలో, పూసల ఊసే లేని రోజుల్లో, వానకు కొట్టుకొచ్చి గడప దగ్గర దొరికిన ఒక నీలం పూస. దండలు గుచ్చి బతకొచ్చన్న ఆలోచన ఆమెకు ఆ రోజే, దాన్ని చూసే పుట్టింది.